పట్టికలో ఎనిమిదో ఊరు

ఆఫీసులో అందరూ ఆమెను బీరువా అనేవారు. ముఖం మీద కాదు లెండి, చాటుగా. ముఖం మీద మేడమ్ అనేవారు, మరీ చిన్నవాళ్ళయితే అమ్మా అనేవారు. తనకా పేరుందని ఆమెకు తెలుసు. మొదట్లో కాస్త చురుక్కుమన్నా, తర్వాత తర్వాత అందులో తప్పేముందనిపించింది. బీరువా అంటే ఏమిటి? పెట్టినది పెట్టినచోట ఉంటుంది. అడిగితే ఇస్తుంది. అడగనప్పుడు నోరు మూసుకుని గోడకు ఆనుకుని నిలబడుతుంది. ఈ మూడింట్లో ఒక్కటైనా చేతనైనవాళ్ళు ఆ ఆఫీసు మొత్తంలో పట్టుమని నలుగురు లేరని ఆమె అభిప్రాయం, ఆ నలుగురిలో మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఆమె పనిచేసేది విమానయాన శాఖలో, దేశాల మధ్య ఒప్పందాలు చూసే విభాగంలో. విమానానికి రెక్కలున్నాయి కదా అని ఎక్కడికి పడితే అక్కడికి ఎగిరిపోవడానికి వీల్లేదు. ప్రతి దేశానికీ తన నేల ఉన్నట్టే తన ఆకాశమూ ఉంటుంది. పక్కింటి పెరట్లోంచి దారి కావాలంటే ఎలా అడగాలో, పక్క దేశంలో విమానం దిగాలన్నా అలాగే అడగాలి. వాళ్ళు ఊరికే ఇవ్వరు, మరి మీ పెరట్లోంచి మాకేం దారి ఇస్తారంటారు. దాంతో రెండు పక్కల పెద్దలూ బల్లకి అటూ ఇటూ కూర్చుని, మీ విమానాలు మా ఊళ్ళలో వేటికి రావచ్చు, మావి మీ ఊళ్ళలో వేటికి రావచ్చు, వారానికి ఎన్నిసార్లు అని రాసుకుంటారు. ఆ రాతకోతల చివర ఒక పట్టిక ఉంటుంది. అందులో పేరున్న ఊళ్ళోనే విమానం దిగుతుంది. పేరు లేని ఊరి మీదుగా పోతుందంతే.

పంతొమ్మిదేళ్ళ వయసులో టైపిస్టుగా ఆ విభాగంలో అడుగుపెట్టింది. ముప్పై తొమ్మిదేళ్ళలో అరవై ఒక్క ఒప్పందాలు ఆమె చేతిమీదుగా వెళ్ళాయి. అన్నేళ్ళు విమానాల కాగితాల మధ్య బతికినా తను విమానం ఎక్కింది ఒక్కసారే, రానూపోనూ. "మిఠాయి కొట్లో పనిచేసేవాళ్ళు మిఠాయి తినరు కదా, నీదీ అంతే" అని వాళ్ళాయన వెక్కిరించేవాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే కొట్టు. ఆ గదిలో ఇరవై గడియారాలు ఇరవై రకాల టైము చెబుతుంటే, వాటి మధ్యనుంచి రోజూ సరిగ్గా ఎనిమిదింబావుకి ఆమె బయటికి నడిచేది. ఆమె గుమ్మం దాటడం చూసి ఆయన తన చేతి గడియారం దిద్దుకునేవాడు.

ఆమె అసలు గొప్పతనం టైపులో లేదు, సరిచూపులో ఉంది. ఒప్పందానికి రెండు అసలు ప్రతులుంటాయి, ఒకటి మనకి, ఒకటి వాళ్ళకి. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. అందుకని సంతకాలకి ముందురోజు రెండు పక్కలనుంచీ ఒక్కొక్కరు కూర్చుని వాటిని సరిచూస్తారు. ఒకరు తమ ప్రతిని, కామాలూ బ్రాకెట్లతో సహా, పైకి చదువుతారు. రెండోవారు తమ ప్రతిలో ప్రతి వరుస కిందా స్కేలు జరుపుకుంటూ, చేతిలో పెన్సిలుతో వింటారు. ఎవరి దేశంలో సంతకాలైతే పెన్సిలు వాళ్ళది, చదివే పని అవతలినుంచి వచ్చినవాళ్ళది. తేడా కనిపిస్తే పెన్సిలుతో బల్లమీద రెండుసార్లు తట్టాలి. చదివే మనిషి ఆగాలి. అంతే. మాటల్లేవు, చర్చల్లేవు. చదివేవారికైతే తట్టే హక్కు కూడా లేదు.

ఈ విద్య ఆమెకు నేర్పింది ఆ విభాగంలో అప్పటి పెద్ద గుమాస్తా. చదివేటప్పుడు అర్థం జోలికి పోవద్దని ఆయన మరీమరీ చెప్పేవాడు. అర్థం పెద్దలు చూసుకున్నారు, నువ్వు అక్షరాలు చూడు, అర్థంలో పడ్డావంటే అక్షరం జారిపోతుంది అనేవాడు. చదివేవారు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే వేగంతో చదవాలనీ, ఇష్టమైన మాట దగ్గర సాగదీయడం, కష్టమైన మాట దగ్గర పరిగెత్తడం పనికిరావనీ నేర్పాడు. పోతూపోతూ తన చెక్క స్కేలు ఆమెకిచ్చాడు. అంచు అరిగి, అంకెలు చెరిగిపోయిన ఆ స్కేలు ఇప్పటికీ ఆమె సొరుగులో మెత్తటి గుడ్డలో చుట్టి ఉంటుంది.

ఇంకో మూడు వారాల్లో ఆమె ఉద్యోగ విరమణ. ఆఖరిగా ఆమె ముందుకొచ్చింది సముద్రం అవతలి దేశంతో కొత్త ఒప్పందం. ఆ దేశంతో పాత ఒప్పందం ముప్పై ఏళ్ళనాటిది. దాన్ని తీసేసి కొత్తది రాసుకుంటున్నారు. మూడు రోజులు గదిలో వాదించుకుని, ఎన్ని విమానాలు, ఎంత సామాను అన్నీ తేల్చుకున్నారు. మర్నాడు పొద్దున్న పదింటికి రెండు దేశాల మంత్రులూ వచ్చి సంతకాలు చేస్తారు. ఆ పనంతా మోసింది కొత్త డైరెక్టరు. కుర్రవాడు కాకపోయినా ఆ కుర్చీకి కొత్త, ఇదే మొదటి ఒప్పందం. వారం రోజులుగా సరిగ్గా తిండి తిన్న ముఖం కాదది.

అవతలి పక్కనుంచి చదవడానికి వచ్చినాయన ఆమెకు పాత పరిచయమే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక స్టీలు ఫ్లాస్కు పక్కన పెట్టుకుని ఉంటాడు. ముప్పై ఏళ్ళ కిందట పాత ఒప్పందం చదివింది కూడా ఆయనే. తర్వాత ఒకసారి చిన్న సవరణ ఒకటి వాళ్ళ దేశంలో జరిగితే, అప్పుడు ఆమె వెళ్ళి చదివింది, ఆయన పెన్సిలు పట్టుకున్నాడు. ఆమె ఎక్కిన ఒకే ఒక్క విమానం అప్పటిదే. ఇద్దరికీ ఒకరి పనంటే ఒకరికి గౌరవం. ఒకరి పిల్లలెంతమందో ఒకరికి తెలియదు కానీ, ఒకరు పొడుగు వాక్యంలో ఎక్కడ ఊపిరి తీసుకుంటారో ఇంకొకరికి బాగా తెలుసు.

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టారు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన పొడుగు బల్ల, మధ్యలో నీళ్ళ జగ్గు, కిటికీ దగ్గర డైరెక్టరు, గోడవార వాళ్ళ బృందం నాయకుడు. ఆ నాయకుడిది భారీ విగ్రహం, కునుకు ఆపుకోవడానికి నానా అవస్థా పడుతున్నాడు. ఫ్లాస్కు ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గోడ గడియారం పెండ్యులం ఊగినట్టు, హెచ్చూ తగ్గూ లేని చదువు. స్కేలు కిందికి జరుగుతోంది. మొదటి గంటలో ఆమె ఒక్కసారే తట్టింది, వాళ్ళ ప్రతిలో ఒక అంకె చుట్టూ బ్రాకెట్టు పడలేదు. దిద్దుకున్నారు.

ఇరవై నాలుగో క్లాజు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు. ఫ్లాస్కు మూత తిప్పాడు. ఒక గుక్క తాగి మళ్ళీ మూత బిగించాడు. ఆ తర్వాత చదివిన వాక్యం ఒక్కొక్క మాటా విడివిడిగా, మెట్లు దిగే ముసలివాడిలా నెమ్మదిగా చదివాడు. ఈ ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజునుంచి రెండు దేశాల మధ్య ఉన్న పాత ఒప్పందమూ, దాని కింద ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాలూ రద్దవుతాయి. అదీ వాక్యం. పాపం, పెద్దవాడైపోయాడు, ఆయాసం కాబోలు అనుకుందామె. ఇరవై ఐదో క్లాజుకి మళ్ళీ మామూలు వేగమే. ఆయాసపడేవాడికి అంతలోనే ఊపిరెలా అందింది?

అక్కడ ఆమె, పెద్ద గుమాస్తా వద్దన్న పనే చేసింది. అర్థంలో పడింది.

ఉత్తరాలంటే ఏ ఉత్తరాలు? పాత ఒప్పందం కింద ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరం ఒక్కటే ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట దాన్ని టైపు చేసింది తనే. ఇంతలో ఆయన పట్టికలోకి వచ్చాడు. వాళ్ళ విమానాలు దిగగలిగే మన ఊళ్ళు. ఒకటి, రెండు, మూడు అంటూ ఏడు పేర్లు చదివాడు. ఆమె ఎనిమిదోది కోసం చూసింది. స్కేలు కింద తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. రెండు ప్రతుల్లోనూ ఏడే. అక్షరం తేడా లేదు.

ఎనిమిదోది వాళ్ళక్క ఉండే ఊరు.

కొండల పక్కన చిన్న ఊరది. అక్క పెళ్ళై అక్కడికి వెళ్ళేసరికి ఆ నేలలో రాళ్ళు తప్ప ఏమీ లేవు. బావ పట్టుదల మనిషి. ప్లాస్టిక్ పందిళ్ళు వేసి గులాబీలు పెంచడం మొదలుపెట్టాడు, ఆయన్ని చూసి చుట్టుపక్కలవాళ్ళూ దిగారు. పూలు బాగానే పూశాయి కానీ, పెద్ద నగరం చేరేసరికి వాడిపోయేవి. సముద్రం అవతల, విమానంలో నలభై నిమిషాల దూరంలో, పూలంటే పడిచచ్చే నగరం ఒకటి ఉంది. కానీ ఊరు పట్టికలో లేదు. పూలవాళ్ళంతా వాణిజ్య శాఖ చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఆఖరికి రెండు దేశాలూ ఒక ఉత్తరం ఇచ్చిపుచ్చుకున్నాయి. పట్టికను ముట్టుకోకుండా, వారానికో విమానం ఆ ఊరికి కూడా రావచ్చు అని. అప్పటినుంచీ ఇరవై రెండేళ్ళుగా ప్రతి గురువారం ఒక బుల్లి విమానం వచ్చి, కడుపునిండా పూలూ పైన పదిమంది మనుషులూ ఎక్కించుకుని పోతోంది. బావ పోయాక ఆ పందిళ్ళు అక్కే చూసుకుంటోంది. మూడొందల ఇళ్ళకు ఆ గురువారమే ఆధారం.

రేపు సంతకాలైతే ఉత్తరం రద్దు. పట్టికలో పేరు లేదు. గురువారం విమానం రాదు.

ఆమె పెన్సిలు ఎత్తింది. ఎత్తిన పెన్సిలు గాల్లోనే ఆగిపోయింది. ఎందుకంటే, ఆ ఉత్తరం డైరెక్టరుకి ఎందుకు కనిపించలేదో ఆమెకు సరిగ్గా ఆ క్షణంలోనే తట్టింది. కొత్త ఒప్పందం రాసేముందు ఆయన పాత ఫైలు మొత్తం తిరగేశాడు, కాగితం కాగితం చూశాడు. అందులో ఆ ఉత్తరం లేదు. లేకుండా చేసింది ఆమే. పూల సంగతి కదా, వాణిజ్య శాఖ పంపించిన కాగితాలు కదా అని, ఇరవై రెండేళ్ళ కిందట దాని ఆఫీసు ప్రతిని కూడా వాణిజ్యం ఫైల్లోనే పెట్టి వాళ్ళకి తిప్పి పంపేసింది. ఒప్పందం ఫైల్లో ఇంకో ప్రతి పెట్టలేదు, కనీసం ఒక చీటీ కూడా పెట్టలేదు. బీరువా చేసిన పని అది.

ఇంకో మూడు వారాలు నోరు మూసుకుంటే ఈ తప్పు తనదని నరమానవుడికి తెలియదు. పైగా ఇప్పుడు నోరు విప్పితే, అక్క ఊరు కాబట్టి విప్పిందంటారు. రూలు ప్రకారం చూసినా ఆమెకు తట్టే పనే లేదు. తేడా ఉంటే కదా తట్టడం? రెండు ప్రతులూ ముచ్చటగా ఒకే తప్పు చేస్తున్నాయి. ఇన్నీ ఆలోచించడానికి ఆమెకు పట్టింది ఒక్క వరుస చదివేంత సేపు. ఆ ఒక్క వరుసా తను వదిలేసినందుకు తర్వాత చాలాకాలం తనని తనే తిట్టుకుంది.

రెండుసార్లు తట్టింది.

ఫ్లాస్కు ఆయన ఆగాడు. ఎక్కడ అన్నట్టు చూశాడు. ఆమె పెన్సిలు మొనతో ఏడో ఊరి కింద ఖాళీ చూపించింది. డైరెక్టరు కిటికీ దగ్గర్నుంచి గబగబా వచ్చి రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకేలా ఉన్నాయి కదండీ, తేడా ఏముంది అన్నాడు. తేడా లేదు, ఊరే లేదు అందామె. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళనాటి ఉత్తరం సంగతి, తేదీతో సహా, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. గోడవార నాయకుడి కునుకు ఎగిరిపోయింది.

డైరెక్టరు ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ భయపడ్డవాడు. పట్టిక మళ్ళీ తెరిస్తే వాళ్ళు ఇంకోటి అడుగుతారనీ, మూడు రోజుల కష్టం గంగలో కలుస్తుందనీ, రేపు మంత్రిగారి ముందు తను తల ఎక్కడ పెట్టుకోవాలనీ ఒకటే గోల. ముందు సంతకాలు కానిద్దాం, తర్వాత కొత్త ఉత్తరం రాసుకుందాం అన్నాడు. ఉత్తరానికి పోయినసారి రెండున్నరేళ్ళు పట్టిందని ఆమె గుర్తుచేసింది. గులాబీలు అన్నాళ్ళు ఆగవు అంది. ఆయన ఇంక ఆపుకోలేక అసలు మాట అడిగేశాడు.

"మేడమ్, మీ అక్కగారు ఉండేది ఆ ఊళ్ళోనే కదూ?"

"అవునండీ. అందుకే నాకు గుర్తుంది. మీకు తెలియకపోవడానికి కారణం కూడా నేనే."

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఆమె చెప్పింది. నీళ్ళు నమల్లేదు, సన్నాయి నొక్కులు నొక్కలేదు. ఉత్తరం వాణిజ్య శాఖ ఫైల్లో ఉంది, అక్కడ పెట్టింది నేను, ఇక్కడ పెట్టకపోవడం నా పొరపాటు అంది. చెబుతున్నంతసేపూ గొంతు నిలకడగానే ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళు ఒక్క కాగితం పోగొట్టని మనిషినన్న పేరు ఆమెకు నగలాంటిది. దాన్ని తన చేత్తోనే తీసి బల్లమీద పెట్టడం ఆమెకు నిజంగా కష్టమైంది.

"నిజంగా అక్కడ ఉందంటారా? ఇరవై రెండేళ్ళయింది" అన్నాడు డైరెక్టరు.

"నేను పెట్టింది నేను పెట్టినచోట ఉంటుంది. తప్పుచోట పెట్టానన్నాను గానీ, పోగొట్టానన్లేదు."

వాణిజ్య శాఖ పక్క వీధిలో ఉంది. అప్పటికి నాలుగున్నర, అక్కడి రికార్డు గది ఐదింటికి మూసేస్తారు. డైరెక్టరు కారు పిలుస్తానన్నాడు. కారు వచ్చేలోపు మనమే వెళ్ళొచ్చు అని ఆమె నడక మొదలుపెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ముందు, నలభై ఏళ్ళాయన వెనక, టై భుజం మీదికి ఎగిరిపోతుంటే ఒగర్చుకుంటూ. పండ్ల బళ్ళ మధ్యనుంచి, స్కూటర్ల వరసల మధ్యనుంచి, స్కూలు వదిలిన పిల్లల మధ్యనుంచి ఆమె ఎక్కడా ఆగకుండా దూసుకుపోయింది.

రికార్డు గది ఆయన అప్పటికే కళ్ళజోడు జేబులో పెట్టుకుని, తాళం చేతిలో పట్టుకుని ఉన్నాడు. రేపు రండి అన్నాడు. రేపు పదింటికి మంత్రిగారే రావలసి వస్తుంది, మరి మీ ఇష్టం అంది ఆమె. కళ్ళజోడు మళ్ళీ జేబులోంచి ముక్కు మీదికెక్కింది. ఆమె ఫైలు నంబరు చెప్పింది, ఏడంకెలు, కాగితం చూడకుండా. ఆయన నిచ్చెన ఎక్కి, పై అరలో బూజు దులిపి, తాడుతో కట్టిన లావుపాటి కట్ట ఒకటి దించాడు. ఆమె కట్ట విప్పి, వెనకనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఒక చోట వేలు పెట్టింది. తుప్పు పట్టిన గుండుసూదితో గుచ్చిన రెండు కాగితాలు. కింద రెండు సంతకాలు, మూలన చిన్న అక్షరాల్లో టైపు చేసినవారి పొడి అక్షరాలు. అవి ఆమెవే.

డైరెక్టరు అక్కడే, ఆ దుమ్ములోనే, ఒక ముక్కాలిపీట మీద కూలబడి ఉత్తరం రెండుసార్లు చదివాడు. చదివి తల ఎత్తేసరికి ఆ ముఖంలో వారం రోజుల తర్వాత మొదటిసారి రంగు కనిపించింది. చేతిలో ఉత్తరం ఉంటే ఇది పట్టిక తెరవడం కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడమే అవుతుంది అన్నాడు. ఆమె మొదట్నుంచీ అంటున్నదీ అదే, కానీ ఆ మాట ఆయన నోట రావడమే మంచిదని ఊరుకుంది.

తిరిగి వచ్చాక పెద్దలు అరగంట మాట్లాడుకున్నారు. అవతలి నాయకుడు ఉత్తరం తిప్పి తిప్పి చూసి, వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి, అక్కడ కూడా దాని జోడీ ఉందని తేల్చుకున్నాడు. కొత్తగా ఏమీ అడగలేదు. పూలు ఆగిపోతే తన్నులు తినేది తనే అన్నంత తొందరగా ఒప్పుకున్నాడు. పట్టిక పేజీ మళ్ళీ అచ్చయింది. ఎనిమిదో వరుసలో ఊరి పేరు, ఎదురుగా వారానికి ఒకటి. పేజీ మారితే దాన్ని మూడుసార్లు సరిచూడాలని రూలు. ఫ్లాస్కు ఆయన మూడుసార్లు చదివాడు, అదే వేగం, పెండ్యులం లాగా. ఆమె ఒక్కసారీ తట్టలేదు.

అందరూ లేచి వెళ్ళాక ఆమె స్కేలు గుడ్డలో చుడుతుంటే, ఆయన ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంటూ అటువైపే నిలబడ్డాడు. ఆమెకు అనుమానంగానే ఉంది. అడిగేసింది.

"ఇరవై నాలుగో క్లాజు దగ్గర మీరు ఆగారు. ఇన్నేళ్ళలో మీరు అలా ఆగడం నేనెప్పుడూ వినలేదు."

"మావాళ్ళకి ఆ ఉత్తరం సంగతి నిన్ననే చెప్పానమ్మా. చదవడానికొచ్చావు, చదువు అన్నారు. ఈసారి పెన్సిలు నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. అందుకని నెమ్మదిగా చదివాను."

ఆమె స్కేలు పక్కన పెట్టి నమస్కారం పెట్టింది. ఆయనా పెట్టాడు. వాళ్ళావిడకి ప్రతి శుక్రవారం గులాబీలు కావాలనీ, అవి లేకపోతే ఇంట్లో తన పరిస్థితి చెప్పనలవి కాదనీ చెప్పి నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె ఒక పేజీ రాసి డైరెక్టరు బల్లమీద పెట్టింది. ఉత్తరం ఎక్కడ దొరికింది, ఎందుకక్కడ ఉంది, పెట్టింది ఎవరు అని. పని అయిపోయింది కదా, ఇదంతా ఎందుకండీ, కావాలంటే కాగితం ఎక్కడో పొరపాటున కలిసిపోయింది అని రాసుకుందాం అన్నాడు ఆయన. కాగితాలు వాటంతటవి నడిచివెళ్ళి కలవవు అందామె. రేపు తన కుర్చీలో కూర్చునే మనిషికి నిజం తెలియాలి, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని వెతుక్కోవాలి అంది. ఆయన సంతకం పెట్టాడు. మర్నాటికల్లా ఆ సంగతి మూడు అంతస్తులూ పాకింది. బీరువా తలుపు సరిగ్గా పడలేదట అని కాంటీన్లో ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు మెట్ల మీదున్న ఆమెకు వినిపించింది, నొప్పి కూడా పెట్టింది. అయినా లోపలికి వెళ్ళి, వాళ్ళ బల్ల దగ్గరే కుర్చీ లాక్కుని కూర్చుని టీ తెప్పించుకుంది. రెండు నిమిషాల్లో మాట మారింది.

మిగిలిన మూడు వారాలూ ఆమె చేసింది ఒకటే పని. ముప్పై తొమ్మిదేళ్ళలో తను ఎక్కడెక్కడికి ఏ ఉత్తరం పంపిందో గుర్తుచేసుకుని, ఒక్కొక్క ఒప్పందం ఫైల్లోనూ చీటీ పెట్టింది. ఇంకో నాలుగు తేలాయి. వాటి ప్రతులు కూడా తెప్పించింది. "నువ్వే గడియారమైతే, ఇంత చిన్న పొరపాటుకి నేనసలు విప్పేవాణ్ణే కాదు" అన్నాడు వాళ్ళాయన. ఆయన ఓదార్పు మాటలు ఇంతకంటే ముందుకు పోవు, ఆమెకు అదే చాలు.

అక్కకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే నా చెల్లెలు దేశాన్ని ఆపేసిందని ఊరంతా టముకు వేస్తుంది.

కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చిన తర్వాత మొదటి గురువారానికి ఆమె ఇంట్లోనే ఉంది, ఉద్యోగం అయిపోయి పదిరోజులు. పొద్దుటినుంచీ కాలు నిలవలేదు. ముందు గదిలో గడియారాలన్నీ వాటి ఇష్టమొచ్చినట్టు గంటలు కొడుతుంటే, విమానం ఇప్పుడు దిగి ఉంటుంది, ఇప్పుడు ఎక్కిస్తూ ఉంటారు అని లెక్కపెట్టుకుంది. మధ్యాహ్నం అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"ఏమే, మీ ఆఫీసులో పనిచేసేవాళ్ళే లేరా? విమానం నలభై నిమిషాలు లేటు. ఎండలో బుట్టలు పట్టుకుని నిలబడ్డాం. ఇరవై రెండేళ్ళలో ఇంత లేటు ఎప్పుడూ లేదు. నువ్వు అలా వచ్చేశావో లేదో, అంతా ఇలా తగలడింది."

"వచ్చిందా, రాలేదా అక్కా?"

"వచ్చిందిలే. రాక చస్తుందా? నలభై నిమిషాలు లేటంటుంటే."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పెదాల మీదికి నవ్వు వచ్చింది. రెంటినీ అక్క వినకుండా జాగ్రత్తపడింది.

"సరేలే అక్కా, ఎవరినైనా కనుక్కోమంటాను" అంది.